విదేశయానం - విద్యుత్తు

ఒకప్పుడు దూరదేశాలకు బయలుదేరే ప్రయాణికుడు కాగితాల సంచీని ప్రాణప్రదంగా చూసుకొనేవాడు. విమానం టిక్కెట్టు, చేరవలసిన చిరునామా, బంధుమిత్రుల ఫోను నంబర్లు, నగరపటం అన్నీ ఆ సంచీలోనే ఉండేవి. నేడు పాసుపోర్టు వంటి కొన్ని పత్రాలు తప్ప మిగిలినవన్నీ అరచేతిలోని సెల్‌ఫోనులోనికి చేరిపోయాయి. బోర్డింగ్ పాసు, దారి చూపే పటం అందులోనే ఉంటాయి. టాక్సీని పిలవడానికి, ఇంటి యజమానితో మాట్లాడడానికి, బ్యాంకు పంపే రహస్యసంఖ్యను అందుకోవడానికి అదే ఆధారం. అయితే కాగితానికి లేని బలహీనత ఒకటి దీనికి ఉంది. బ్యాటరీలో శక్తి నశించిన మరుక్షణం ఇవన్నీ ఒక్కసారిగా మూగపోతాయి. తెలిసిన ముఖం ఒక్కటీ లేని విమానాశ్రయంలో, అర్ధరాత్రి వేళ, పద్దెనిమిది ఇరవై గంటల ప్రయాణం తరువాత ఈ స్థితి ఎదురైతే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇది కేవలం సౌకర్యానికి సంబంధించిన విషయమని భావించరాదు. 2014 జులైలో అమెరికా రవాణా భద్రతా సంస్థ, కొన్ని విదేశీ విమానాశ్రయాల నుండి నేరుగా తమ దేశానికి వచ్చే ప్రయాణికుల విషయంలో ఒక నిబంధనను ప్రకటించింది. తనిఖీ అధికారి కోరినప్పుడు ఫోనునో, కంప్యూటరునో పనిచేయించి చూపలేకపోతే ఆ పరికరాన్ని విమానంలోనికి అనుమతించరన్నది దాని సారాంశం. బ్యాటరీ అడుగంటిన ఫోను ఆ రోజున అనుమానాస్పద వస్తువు అయింది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుండి ఏటా వేలాది విద్యార్థులు ఉన్నత విద్య కోసం అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, జర్మనీ వంటి దేశాలకు వెళ్తున్నారు. వారి సామానులో ఆవకాయ సీసాకు దక్కే శ్రద్ధలో పదోవంతు కూడా ఛార్జరుకు దక్కదు. ఆవకాయను రెండు మూడు సంచులలో చుట్టి, తూకం వేసి, మూత బిగించి సర్దుతారు. ఛార్జరును చివరి నిమిషంలో గోడ నుండి లాగి జేబులో వేసుకొంటారు. కాని దానిని ఒక్కసారి కంటికి దగ్గరగా పెట్టుకొని చూస్తే, దాని వెనుక చీమల బారు వంటి చిన్న అక్షరాలలో ఒక వాక్యం కనిపిస్తుంది. దానిని చదవడం వచ్చినవారికి సగం ఇబ్బందులు తీరినట్లే.

ఆ వాక్యం 'ఇన్‌పుట్' అనే మాటతో మొదలవుతుంది. దాని పక్కన సాధారణంగా '100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్' అని ఉంటుంది. మన దేశంలో ఇళ్ళకు సరఫరా అయ్యే విద్యుత్తు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికాలో అది 120 వోల్టులు, 60 హెర్ట్జ్. జపానులో 100 వోల్టులు మాత్రమే. ఐరోపా దేశాలలోను, ఆస్ట్రేలియాలోను మన మాదిరిగానే 230 వోల్టులు. వోల్టేజి అంటే విద్యుత్తును తీగలో ముందుకు నెట్టే ఒత్తిడి అనీ, హెర్ట్జ్‌లలో చెప్పే పౌనఃపున్యం అంటే ఏకాంతర విద్యుత్తు సెకనుకు ఎన్ని ఆవర్తనాలు పూర్తి చేస్తుందో తెలిపే సంఖ్య అనీ భౌతికశాస్త్రంలో చదువుకొన్నదే. చీటీ మీద 100 నుండి 240 వరకు అని ఉన్న ఛార్జరు ఈ దేశాలన్నింటిలోనూ పనిచేస్తుంది. నేటి ఫోను ఛార్జర్లు, ల్యాప్‌టాప్ ఛార్జర్లు దాదాపుగా ఈ కోవకు చెందినవే.

ఇది ఎలా సాధ్యమవుతున్నదో తెలుసుకోదగినది. ఛార్జరు మొదట ఏకాంతర విద్యుత్తును ఏకముఖ విద్యుత్తుగా మారుస్తుంది. తరువాత ఒక ఎలక్ట్రానిక్ స్విచ్చి ఆ ప్రవాహాన్ని సెకనుకు వేల, లక్షల సార్లు తెంపుతూ కలుపుతూ ఒక చిన్న పరివర్తకం గుండా పంపుతుంది. అవతలివైపు వోల్టేజి కావలసిన దానికంటే పెరగబోతే స్విచ్చి కలిసి ఉండే వ్యవధి తగ్గుతుంది, తరగబోతే ఆ వ్యవధి పెరుగుతుంది. కాలువలో నీరు నిండుగా ఉన్నా, సగానికి తగ్గినా, తూము తలుపును దించుతూ ఎత్తుతూ పొలానికి కావలసినంత నీటినే వదిలే రైతు చేసే పని ఇదే. రైతు దానిని రోజుకు రెండుసార్లు చేస్తే ఛార్జరు రెప్పపాటులో వేలసార్లు చేస్తుంది. వేగంగా తెంపడం వల్లనే లోపలి పరివర్తకం అంత చిన్నదిగా ఉండగలుగుతున్నది. పాత టేప్ రికార్డర్లకు ఇటుకరాయి వంటి బరువైన ఎడాప్టర్లు ఉండేవి. నేటి ఛార్జరు అగ్గిపెట్టెలంత ఉండడానికి కారణం ఇదే.

అందువల్ల విదేశానికి వెళ్ళే విద్యార్థి ఫోనుకు సాధారణంగా కావలసింది ప్లగ్గు ఆకారాన్ని మార్చే చిన్న సాధనం మాత్రమే. దుకాణాలలో దీనిని 'ట్రావెల్ ఎడాప్టర్' అంటారు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఎడాప్టరు ఆకారాన్ని మాత్రమే మారుస్తుంది, వోల్టేజిని మార్చదు. మన గుండ్రని పిన్నులను అమెరికా సాకెట్టులోని సన్నని చీలికలకు అది కలుపుతుంది. ఆ చీలికలలో ఉన్నది 120 వోల్టులైతే ఇవతలికి వచ్చేదీ 120 వోల్టులే. వోల్టేజిని మార్చే సాధనం వేరు. దానిని కన్వర్టర్ అంటారు. అది బరువైనది, ఖరీదైనది, పైగా నిర్ణీత వాట్‌లకు మించి మోయలేదు.

ఈ భేదం తెలియకపోతే ఏమవుతుందో ఇస్త్రీపెట్టె ఉదాహరణతో చూద్దాం. హైదరాబాదులో కొన్న 1000 వాట్ల ఇస్త్రీపెట్టె 230 వోల్టులకు తయారైనది. వేడిచేసే తీగ నిరోధం దాదాపు స్థిరం కనుక సామర్థ్యం వోల్టేజి వర్గానికి అనులోమంగా ఉంటుంది. దానిని అమెరికాలో 120 వోల్టులకు తగిలిస్తే సుమారు 272 వాట్‌లే లభిస్తాయి. చొక్కా ముడత కూడా విడదు. మన ఎలక్ట్రిక్ కుక్కరులో బియ్యం నానుతుందే కాని ఉడకదు. దీనివల్ల నష్టం ఆకలితో ఆగుతుంది. దీనికి విపర్యయమే ప్రమాదకరం. అమెరికాలో కొన్న 120 వోల్టుల, 1000 వాట్‌ల జుట్టు ఆరబెట్టే యంత్రాన్ని సెలవులకు వచ్చినప్పుడు మన ఇంట్లో తగిలిస్తే, అది 3,600 వాట్‌లకు పైగా లాగడానికి ప్రయత్నిస్తుంది. తీగ ఎర్రబడి కాలిపోవడానికి క్షణాలు చాలు. అమెరికా నుండి బంధువులు ముచ్చటపడి తెచ్చిన వంటింటి సామాను అటకెక్కడానికి కారణం తరచుగా ఇదే. వేడిచేసే పరికరాలను ఏ దేశంలో ఉంటే అక్కడే కొనుక్కోవడం మేలు. వాటి కోసం పెద్ద కన్వర్టరును మోసుకుపోవడం వల్ల విమానపు తూకం తప్ప లాభమేమీ లేదు.

పౌనఃపున్యం తేడా ఫోనును బాధించదు, మొదట ఏకముఖ విద్యుత్తుగా మార్చుకొంటుంది కనుక. విద్యుత్ సరఫరా ఆవర్తనాలను లెక్కపెడుతూ నడిచే పాతకాలపు గోడగడియారాన్ని మాత్రం 50 హెర్ట్జ్ దేశం నుండి 60 హెర్ట్జ్ దేశానికి తీసుకొని వెళితే గంటకు పన్నెండు నిమిషాలు ముందుకు పరుగెడుతుంది.

ప్రపంచమంతటా ఒకే విద్యుత్తు ఎందుకు లేదన్న సందేహం విద్యార్థులకు కలగడం సహజం. దీనికి సమాధానం చరిత్రలో ఉంది. 1882 సెప్టెంబరులో థామస్ ఎడిసన్ న్యూయార్కులో విద్యుత్ కేంద్రాన్ని ప్రారంభించినప్పుడు, ఆనాటి దీపాలలోని కర్బన తంతువుకు అనువైనదని సుమారు 110 వోల్టులను ఎంచుకొన్నాడు. తరువాత ఏకాంతర విద్యుత్తు వచ్చినా ఆ అంకె చుట్టుపక్కలనే అమెరికా స్థిరపడింది. బెర్లిన్ నగరానికి విద్యుత్తును అందించే సంస్థ మాత్రం 1899లో 220 వోల్టులకు మారింది. వోల్టేజిని రెట్టింపు చేస్తే అంతే సామర్థ్యానికి ప్రవాహం సగమవుతుంది, తీగలలో వేడి రూపంలో పోయే నష్టం నాలుగోవంతుకు తగ్గుతుంది. రాగి ఖర్చు ఆదా అవుతుంది. ఐరోపా ఆ దారి పట్టింది. అమెరికాలో అప్పటికే ఇళ్ళనిండా దీపాలు, యంత్రాలు ఉన్నందున వెనుకకు మళ్ళడం వీలుకాలేదు.

జపాను కథ మరీ విచిత్రమైనది. 1890 దశకంలో టోక్యోలోని సంస్థ జర్మనీ నుండి 50 హెర్ట్జ్ జనరేటర్లను, ఒసాకాలోని సంస్థ అమెరికా నుండి 60 హెర్ట్జ్ జనరేటర్లను తెప్పించుకొన్నాయి. ఎవరి వ్యాపారం వారిది. ఆ రెండు కొనుగోళ్ళ ఫలితంగా ఈనాటికీ ఆ దేశపు తూర్పు భాగంలో ఒక పౌనఃపున్యం, పడమటి భాగంలో మరొకటి ఉన్నాయి. ఫుజి నది పరిసరాలు వాటికి సరిహద్దు. 2011 మార్చిలో భూకంపం, సునామీ వచ్చి ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రం దెబ్బతిన్నప్పుడు తూర్పు ప్రాంతం విద్యుత్తు కొరతతో అల్లాడింది. పడమటి ప్రాంతం నుండి ధారాళంగా సాయం అందించే అవకాశం లేకపోయింది. పౌనఃపున్యాన్ని మార్చి పంపే కేంద్రాల సామర్థ్యం అప్పటికి సుమారు 1,000 నుండి 1,200 మెగావాట్‌లకే పరిమితం. తూర్పున వంతులవారీగా కోతలు విధించవలసి వచ్చింది. నూరేళ్ళకు పైబడిన రెండు బేరాల బరువు ఆ చీకటి రాత్రులలో తెలిసివచ్చింది.

ప్లగ్గుల ఆకారాల విషయమూ ఇటువంటిదే. అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ నేడు పదిహేను రకాలను గుర్తిస్తున్నది. మన ఇళ్ళలోని మూడు గుండ్రని పిన్నుల ప్లగ్గు బ్రిటిష్‌వారి పాత ప్రమాణం. ఆ ప్లగ్గు పుట్టిన బ్రిటన్‌లో అది ఇప్పుడు సాధారణ వాడుకలో లేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఇళ్ళ పునర్నిర్మాణానికి ప్రణాళిక వేస్తూ, రాగిని పొదుపు చేసేందుకు ఇల్లంతా చుట్టి వచ్చే ఒకే వలయంగా తీగను వేయాలని అక్కడి నిపుణులు నిర్ణయించారు. అటువంటి వలయం ఎక్కువ ప్రవాహాన్ని మోస్తుంది కనుక ప్రతి ప్లగ్గులోను విడిగా ఒక ఫ్యూజు ఉండవలసి వచ్చింది. ఆ అవసరం నుండి 1947లో మూడు చదరపు పిన్నుల ప్లగ్గు ప్రమాణంగా వెలువడింది. మనం మాత్రం వారు విడిచిన పాతదానితోనే మిగిలిపోయాం. కనుక లండనుకు వెళ్ళే మన విద్యార్థికి కూడా ఎడాప్టరు తప్పదు. సింగపూరు, మలేషియా, దుబాయి, ఖతార్‌లలోనూ ఈ చదరపు పిన్నులే. గల్ఫ్‌కు వెళ్ళే మన కార్మికులకు ఇవి బాగా పరిచితం.

మన సన్నని రెండు పిన్నుల ఛార్జర్లు చాలావరకు జర్మనీ, ఫ్రాన్సు సాకెట్లలో సులభంగా ఇముడుతాయి. మూడు పిన్నుల ల్యాప్‌టాప్ ప్లగ్గు అక్కడ ఇమడదు. అమెరికా, జపానులలో నిలువుగా ఉండే రెండు బల్లపరుపు రేకులు. ఆస్ట్రేలియాలో అవే రేకులు ఏటవాలుగా ఉంటాయి. వీటన్నింటికీ బదులుగా ఒకే ప్లగ్గు ఉండాలని ఆ కమిషన్ 1986లో ఒక విశ్వప్రమాణాన్ని ప్రకటించింది. దక్షిణాఫ్రికా, కొద్ది మార్పులతో బ్రెజిల్ దానిని స్వీకరించాయి. మిగిలిన పెద్ద దేశాలు కదలలేదు. కోట్లాది గోడలలోని సాకెట్లను పెరికి మార్చేదెవరు?

గోడవైపు సాధ్యం కానిది ఫోనువైపు కొంతవరకు సాధ్యమైంది. ఒకప్పుడు కంపెనీకొక రకం పిన్ను ఉండేది. ఇంట్లో నలుగురుంటే నాలుగు ఛార్జర్లు. ఐరోపా సమాజం 2022లో చేసిన శాసనం ప్రకారం 2024 డిసెంబరు 28 నుండి అక్కడ అమ్మే కొత్త ఫోన్లు, టాబ్లెట్లు, కెమెరాలు మొదలైనవాటికి యూఎస్‌బీ-సీ రకం రంధ్రమే ఉండాలి. ల్యాప్‌టాప్‌లకు గడువు 2026 ఏప్రిల్ 28. అంతవరకు తన ప్రత్యేక పిన్నును వదలని ఆపిల్ సంస్థ కూడా 2023లో వచ్చిన ఐఫోన్ 15తో ఇటు మారింది. ఇందువల్ల ఫోనుకు, ల్యాప్‌టాప్‌కు ఒకే ఛార్జరుతో ప్రయాణించడం నేడు వీలవుతున్నది. అయితే పిన్ను కలిసినంత మాత్రాన సరిపోదు, వాట్‌లు కూడా చూసుకోవాలి. 20 వాట్ల ఫోను ఛార్జరు 65 వాట్లు కోరే ల్యాప్‌టాప్‌ను పోషించలేదు.

ల్యాప్‌టాప్ ప్లగ్గులోని మూడవ పిన్ను గురించి ఒక మాట. లావుగా, పొడవుగా ఉండే ఆ పిన్ను భూమికి కలిపేది. ఎడాప్టరులో ఇమడటం లేదని దానిని విరిచేసేవారు ఉన్నారు. అది చేయరాని పని. లోహపు తొడుగు ఉన్న ల్యాప్‌టాప్ మీద చేయి పెట్టినప్పుడు చిన్నగా జిలజిలమనడం భూసంధానం లేని ప్లగ్గు వాడినప్పుడు చాలామందికి అనుభవమే. కొంచెం ఎక్కువ ధర పెట్టి మూడు పిన్నుల ఎడాప్టరును కొనుక్కోవడం ఉత్తమం.

ఇక పవర్ బ్యాంకు. దీని విషయంలో అజాగ్రత్త ఒకరితో పోయేది కాదు. 2025 జనవరి 28 రాత్రి దక్షిణ కొరియాలోని గిమ్హే విమానాశ్రయంలో హాంకాంగుకు బయలుదేరబోతున్న ఎయిర్ బుసాన్ విమానంలో మంటలు లేచాయి. తలపైన సామాను పెట్టే అరలో అవి మొదలయ్యాయి. విమానం ఇంకా నేలమీదనే ఉండడం వల్ల 176 మందీ బయటపడ్డారు. విమానం పైకప్పు మాత్రం కాలిపోయింది. ఒక పవర్ బ్యాంకులోపల ధన, ఋణ ధ్రువాలను వేరుచేసే పొర దెబ్బతినడం దీనికి కారణమై ఉండవచ్చునని అదే సంవత్సరం మార్చిలో ఆ దేశపు రవాణా మంత్రిత్వ శాఖ వెల్లడించింది. లిథియం బ్యాటరీలో ఒకచోట వేడి పుడితే ఆ వేడి పక్క భాగాన్ని రగిలిస్తుంది. ఆ చర్య తనను తానే పెంచుకొంటూ పోతుంది. అందుకే పవర్ బ్యాంకును సామానుగదిలోకి వెళ్ళే పెట్టెలో పెట్టరాదన్న నియమం ఉన్నది. మనుషుల మధ్య ఉంటే పొగ రాగానే ఎవరో ఒకరు చూస్తారు, సిబ్బంది నీటితో చల్లబరుస్తారు. సామానుగదిలో చూసేవారు ఉండరు.

ఎంత పెద్ద పవర్ బ్యాంకును తీసుకొని వెళ్ళవచ్చునో వాట్-అవర్లలో లెక్కిస్తారు. 100 వాట్-అవర్లలోపు ఉన్నదానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు. 100 నుండి 160 వరకు విమాన సంస్థ అనుమతి కావాలి. ఆపైన నిషేధం. కాని డబ్బా మీద పెద్ద అక్షరాలలో కనిపించేది మిల్లీ ఆంపియర్-అవర్ల లెక్క. దానిని లోపలి బ్యాటరీ వోల్టేజితో, అంటే సాధారణంగా 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే వాట్-అవర్లు వస్తాయి. 20,000 మిల్లీ ఆంపియర్-అవర్లది 74 వాట్-అవర్లు. నిశ్చింతగా వెళుతుంది. 30,000ది 111. తనిఖీలో ఆగిపోవచ్చు. ముద్రించిన అంకెలు చెరిగిపోయిన పవర్ బ్యాంకుదీ అదే గతి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2025 ఏప్రిల్ నుండి, ఎమిరేట్స్ 2025 అక్టోబరు నుండి విమానంలో పవర్ బ్యాంకు వాడకాన్నే నిషేధించాయి. నియమాలు తరచు మారుతున్నందున టిక్కెట్టు కొన్న సంస్థ నిబంధనలను బయలుదేరే ముందు చూసుకోవడం అవసరం. పవర్ బ్యాంకు మీద భారం వేసి సగం ఛార్జితో విమానమెక్కేవారు ఈ కారణంగా చిక్కుల్లో పడతారు. ఇంటి వద్దనే ఫోనును నిండుగా ఛార్జి చేసుకొని, చిరునామా, రెండు ఫోను నంబర్లు ఒక కాగితం మీద రాసుకొని జేబులో పెట్టుకొంటే ఆ చీటీకి ఏ బ్యాటరీ అవసరం ఉండదు.

చేరిన తరువాత ఎదురయ్యేవి చిన్న చిన్న వింతలు. అమెరికా, ఐరోపా ఇళ్ళలో సాధారణంగా సాకెట్టు పక్కన మన వద్ద ఉన్నట్లు స్విచ్చి ఉండదు. కొత్తవారు దానికోసం గోడంతా తడుముతారు. హోటలు గదిలో తలుపు దగ్గర కార్డును గుచ్చితేనే విద్యుత్తు వస్తుంది. ఫోనును ఛార్జింగుకు పెట్టి, కార్డు తీసుకొని భోజనానికి వెళితే తిరిగి వచ్చేసరికి ఫోను ఎక్కడిదక్కడే ఉంటుంది. బ్రిటన్‌లో స్నానాలగదిలోని సాకెట్టు గడ్డం గీసే యంత్రానికి మాత్రమే ఉద్దేశించినది. నలుగురు విద్యార్థులు ఒకే గదిలో దిగినప్పుడు ఇంటి నుండి తెచ్చిన ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు, ఒకే ఎడాప్టరుతో అందరి ఫోన్లనూ ఛార్జి చేయగలదు. దానికి కుక్కరును మాత్రం తగిలించరాదు. విమానాశ్రయాలలో బహిరంగంగా ఉండే యూఎస్‌బీ రంధ్రాల కంటే సొంత ఛార్జరును గోడ సాకెట్టుకు తగిలించుకోవడం మంచిది. ఆ తీగ గుండా విద్యుత్తే కాక సమాచారం కూడా ప్రవహించగలదు. 2011లో అమెరికాలోని లాస్ వేగాస్‌లో జరిగిన కంప్యూటర్ భద్రతా నిపుణుల సమావేశంలో ఒక ఉచిత ఛార్జింగు కేంద్రాన్ని పెట్టి ఈ ప్రమాదాన్ని ప్రత్యక్షంగా చూపించారు.

మన వాతావరణంలో పుట్టి పెరిగినవారికి తట్టని విషయం మరొకటి ఉన్నది. జనవరిలో షికాగో వంటి నగరాలలో ఉష్ణోగ్రత సున్నాకు ఎంతో దిగువకు పడిపోతుంది. చలికి బ్యాటరీలోని రసాయన చర్యలు మందగించి, సగం ఛార్జి ఉన్నట్లు చూపే ఫోను బస్సు కోసం నిలబడి ఉండగానే హఠాత్తుగా ఆగిపోతుంది. అది పాడైపోలేదు. చొక్కా లోపలి జేబులో, ఒంటి వెచ్చదనానికి దగ్గరగా ఉంచుకొంటే ఇలా జరగదు. గడ్డకట్టే చలిలో ఛార్జి చేస్తే బ్యాటరీలో లిథియం లోహంగా పేరుకొని శాశ్వతంగా హాని కలుగుతుంది. కనుక ఇంటికి చేరగానే తీగను తగిలించకుండా, ఫోను గది వేడికి వచ్చేవరకు ఆగాలి. బూట్లు విప్పి, టీ కాచుకొని తాగేంత సమయం చాలు.